ఆఫ్రికా సఫారీ: పార్కులు తగ్గించండి, రాత్రులు పెంచండి

అందరికీ నమస్కారం. ఇంతమంది వచ్చారంటే మీలో చాలామంది ఈ ఏడాదో వచ్చే ఏడాదో ఆఫ్రికా వెళ్దామనే ఆలోచనలో ఉన్నారన్నమాట, చాలా సంతోషం. అసలు చెప్పాల్సిన మాట మొదటే చెప్పేస్తాను, మధ్యలో ఎవరైనా లేచి వెళ్లాల్సి వచ్చినా ఇదొక్కటి గుర్తుపెట్టుకుని వెళ్లండి. పార్కులు తగ్గించుకోండి, ఒక్కో పార్కులో ఉండే రాత్రులు పెంచుకోండి. టూర్ ఏజెంట్లు ఇచ్చే కాగితం చూడండి, ఏడు రోజుల్లో కెన్యాలోని అంబోసెలి, నైవాషా, నకూరు, మసాయి మారా అన్నీ ఉంటాయి, ఇచ్చిన డబ్బుకి ఎన్ని వస్తున్నాయో అని మనకీ ఆనందంగా ఉంటుంది. ఆ కాగితం మీద కనబడనిది రోడ్డు. నైరోబీ నుంచి అంబోసెలికి నాలుగైదు గంటలు, అక్కణ్నుంచి నైవాషా, నకూరు వైపు ఆరేడు గంటలు, నకూరు నుంచి మారాకి ఐదారు గంటలు, మారా నుంచి తిరిగి నైరోబీకి మళ్లీ అంతే. మధ్యాహ్నం పార్కు చేరి, సాయంత్రం ఒక రౌండ్ వేసి, పొద్దున్నే మళ్లీ పెట్టెలు సర్దుకుని బయల్దేరడం, ఇదే వరస. లక్షలు పోసి వెళ్లినవాళ్లు సెలవులో సగం లారీల వెనక కూర్చుని వస్తున్నారు, అది చూస్తే నాకు నిజంగా బాధేస్తుంది.

ఇవాళ నేను ఎక్కువగా కెన్యా, టాంజానియా గురించే మాట్లాడతాను. ఆఫ్రికా అంటే 54 దేశాలు, సఫారీ అన్ని చోట్లా ఒకేలా ఉండదు. దక్షిణాఫ్రికాలో క్రూగర్ నేషనల్ పార్క్ ఉంది, ఇంచుమించు 19,500 చదరపు కిలోమీటర్లు, అక్కడ కారు అద్దెకి తీసుకుని మనమే నడుపుకుంటూ తిరగొచ్చు, స్టీరింగ్ మన దగ్గరలాగే కుడివైపు, తారు రోడ్డు మీద గంటకి 50 కిలోమీటర్లు, మట్టి రోడ్డు మీద 40 దాటకూడదు, విశ్రాంతి చోట్లలో తప్ప కారు దిగకూడదు. ఖర్చు చూసుకునేవాళ్లకి, సొంతంగా తిరిగే అలవాటున్నవాళ్లకి అది చాలా మంచి దారి. కానీ మనలో ఎక్కువమంది మనసులో ఉండేది ఆ పచ్చిక మైదానం, దాని మధ్య ఒంటరి తుమ్మచెట్టు, లక్షల జంతువుల గుంపు. అది కావాలంటే కెన్యాలో మారా, టాంజానియాలో సెరెంగెటి.

ఎప్పుడు వెళ్లాలి అన్నది మనవాళ్లకి పెద్ద చిక్కు, ఎందుకంటే మన పిల్లల వేసవి సెలవులు ఏప్రిల్ చివర మొదలవుతాయి, కెన్యాలో మార్చి నుంచి మే దాకా పెద్ద వానలు. ఆ నెలల్లో రేట్లు తక్కువని ఏజెంట్ చెప్తే అది నిజమే, ఎందుకు తక్కువో కూడా అడగండి. మారా మైదానాల్లో ఉన్నది నల్లరేగడి. నల్లరేగడి వానకి ఎలా మారుతుందో గుంటూరు, కర్నూలు, ఆదిలాబాద్ వైపు వాళ్లకి నేను చెప్పక్కర్లేదు. ఫోర్ వీల్ డ్రైవ్ బండి కూడా ఇరుసు దాకా కూరుకుపోతుంది, దాన్ని లాగడానికి ఇంకో బండి వస్తే అదీ పక్కనే దిగబడుతుంది. పచ్చదనం బాగుంటుంది, జనం ఉండరు, పక్షులు బోలెడు, ఫొటోలు తీసేవాళ్లు కొంతమంది కావాలనే ఆ నెలల్లో వెళ్తారు. చిన్నపిల్లలతో మొదటిసారి వెళ్లేవాళ్లకి మాత్రం నేను చెప్పను. జూన్ మొదట్లో వెళ్లగలిగితే సరే. దసరా సెలవులు అన్నిటికంటే మేలు, సెప్టెంబర్ చివర, అక్టోబర్ మొదట్లో విల్డెబీస్ట్ అనే పెద్ద జింకజాతి జంతువుల గుంపులు మారాలో ఉండే కాలం అది. సంక్రాంతి సెలవుల్ని ఒక వారం తర్వాతకి జరుపుకోగలిగితే జనవరి చివర, ఫిబ్రవరిలో టాంజానియా దక్షిణ సెరెంగెటి, అక్కడ ఎన్‌డూటు అనే చోట వాటి దూడలు పుట్టే సమయం. దీని గురించి మనవాళ్లలో చాలామందికి తెలియదు, నన్నడిగితే ఆ గుంపులు మారా నది దాటే దృశ్యం కంటే ఇదే ఎక్కువ ఇష్టం నాకు.

మైగ్రేషన్, అంటే ఈ గుంపుల వలస, ఎలా జరుగుతుందో తెలిస్తే మీకు తేదీలు మీరే చూసుకోగలరు. సుమారు 13 లక్షల విల్డెబీస్ట్‌లు, వాటితోపాటు రెండు లక్షల దాకా జీబ్రాలు, లక్షల్లో గజెల్ జింకలు, ఏడాదంతా గుండ్రంగా తిరుగుతూనే ఉంటాయి. ఒక తేదీన మొదలై ఇంకో తేదీన ముగిసే జాతర కాదిది, వాన ఎటు పడితే గడ్డి అటు, గడ్డి ఎటు ఉంటే అవి అటు. దక్షిణాన ఉన్న పొట్టిగడ్డి మైదానాల నేల పాత అగ్నిపర్వతాల బూడిదతో ఏర్పడింది, అక్కడి గడ్డిలో కాల్షియం, ఫాస్ఫరస్ ఎక్కువ, పాలిచ్చే తల్లులకి అది కావాలి, అందుకే జనవరి నుంచి మార్చి లోపల అక్కడే ఈనుతాయి. లక్షల దూడలు కొద్ది వారాల్లోనే పుట్టేస్తాయి. దూడ పది నిమిషాలు తిరక్కుండానే లేచి నిలబడుతుంది, కాసేపటికే తల్లి వెంట పరుగెడుతుంది, పరుగెత్తలేనిది సింహానికో హైనాకో పోతుంది. అన్నీ ఒకేసారి పుట్టడం వల్ల తినేవాటికి తినగలిగినంత తిన్నా ఇంకా మిగులుతాయి, జాతి నిలుస్తుంది. తర్వాత అక్కడ గడ్డి ఎండిపోగానే వాయవ్యంగా, ఉత్తరంగా నడుస్తూ జులై నుంచి అక్టోబర్ మధ్య మారా నది దగ్గరికి వస్తాయి. రెండు దేశాలదీ ఒకటే నేల, ఒకటే గడ్డి, జంతువులకి సరిహద్దు లేదు. మనకి ఉంది. మారా నుంచి సెరెంగెటిలోకి నేరుగా దాటే దారి పర్యాటకులకి లేదు, పడమరగా ఇసెబానియా అనే సరిహద్దు ఊరి దాకా వెళ్లి అక్కడ పాస్‌పోర్టు మీద ముద్ర వేయించుకుని దాటాలి, ఒక రోజు పోయినట్టే. అందుకే తక్కువ రోజులున్నవాళ్లు ఒకే దేశం పెట్టుకోండి.

ఇప్పుడు ఒక రోజు ఎలా గడుస్తుందో చెప్తాను. ఐదు, ఐదున్నరకి లేపుతారు. బయట చలి, మనవాళ్లు ఆఫ్రికా అంటే ఎండ అనుకుని టీషర్టులతో వచ్చి వణికిపోతారు. మారా సముద్రమట్టానికి 1,500 మీటర్లకు పైన ఉంది, టాంజానియాలో ఎన్‌గొరొంగొరో అనే పాత అగ్నిపర్వతపు గుంట అంచు ఇంకా ఎత్తు, 2,000 మీటర్లు దాటుతుంది, తెల్లవారుజామున స్వెటర్, మఫ్లర్ లేకపోతే కష్టం. టీ, బిస్కెట్లు తీసుకుని ఆరింటికల్లా బండి ఎక్కాలి. బండి అంటే ఎక్కువగా ల్యాండ్ క్రూయిజర్, పైకప్పు పైకి లేస్తుంది, నిలబడి చూడొచ్చు. వ్యాన్లు కూడా ఉంటాయి, చవక, కానీ బురదలో పనికిరావు, కిటికీలు చిన్నవి. ఎన్ని సీట్లున్నాయి, అందరికీ కిటికీ వస్తుందా అని ఏజెంట్‌ని ముందే అడగండి, మధ్య సీట్లో కూర్చుని సఫారీ చేయడం శిక్ష. పది, పదకొండుకి తిరిగొచ్చి టిఫిన్, స్నానం, కాసేపు నిద్ర, మళ్లీ మూడున్నర నుంచి ఆరున్నర దాకా. లేదంటే డబ్బాలో భోజనం కట్టించుకుని రోజంతా బయటే. అది భూమధ్యరేఖ దగ్గర కాబట్టి ఏడాది పొడుగునా ఆరున్నర ప్రాంతంలోనే తెల్లారుతుంది, ఆరున్నర దాటితే చీకటి పడుతుంది, మనకున్నంత సంధ్యవెలుగు అక్కడ ఉండదు, సూర్యుడు దిగాడంటే దిగాడు.

మరి ఏం కనిపిస్తాయి? బిగ్ ఫైవ్ అని అందరూ అంటారు, సింహం, చిరుతపులి, ఏనుగు, ఖడ్గమృగం, అడవిదున్న. ఇది వేటగాళ్లు పెట్టుకున్న లెక్క, కాలినడకన వేటాడటానికి ఏవి ప్రమాదమో ఆ ఐదు. చూడటానికి వెళ్లే మనకి ఆ లెక్కతో ఏం పని చెప్పండి? జిరాఫీ అందులో లేదు, చీతా లేదు, హిప్పో లేదు. కానీ బండెక్కిన దగ్గర్నుంచీ ఎన్ని అయ్యాయి, ఇంకా ఎన్ని మిగిలాయి అని లెక్కపెట్టేవాళ్లే ఎక్కువ. మారాలో సింహం కనబడటం పెద్ద కష్టం కాదు, ఎక్కువసార్లు అది నిద్రపోతూ కనబడుతుంది. రోజులో 16 నుంచి 20 గంటలు పడుకునే జంతువు అది. ఫొటో తీసుకుని ఐదు నిమిషాల్లో పద పద అంటే మీరు చూసింది నిద్రపోయే సింహాన్నే. సాయంత్రం ఐదున్నరకి అదే పొద దగ్గర ఇంజిన్ ఆపుకుని కూర్చోండి. ఒకటి లేచి ఆవలిస్తుంది, పక్కదానికి ముఖం రాస్తుంది, పిల్లలు తోక పట్టుకుని లాగుతాయి, అప్పటిదాకా బద్ధకంగా పడున్నదల్లా ఒక్కసారి మెడ ఎత్తి దూరంగా ఒకే చోటికి చూడటం మొదలుపెడుతుంది, ఆ చూపు చూశాక మీకు ఎవరూ ఏమీ చెప్పక్కర్లేదు.

అంబోసెలిలో ఒక పొద్దున ఏనుగుల గుంపు దగ్గర మా గైడ్ బండి ఆపి ఇంజిన్ కట్టేశాడు. కిలిమంజారో మంచు, వానల నీరు భూమిలోపలి నుంచి వచ్చి అక్కడ చిత్తడిగా ఊరుతుంది, అందుకే చుట్టూ ఎండిపోయినా ఆ చిత్తడిలో గడ్డి పచ్చగా ఉంటుంది, ఏనుగులన్నీ అక్కడికే వస్తాయి. ఇంజిన్ ఆగాక అప్పటిదాకా వినబడని శబ్దాలు వినబడ్డాయి. ఒక పెద్ద ఆడ ఏనుగు ముందుకాలి గోళ్లతో గడ్డిదుబ్బుని తన్ని వదులుచేస్తుంది, తొండంతో చుట్టి పర్రుమని పీకుతుంది, వెంటనే నోట్లో పెట్టుకోదు, ఆ కట్టని మోకాలికేసి రెండు మూడుసార్లు కొడుతుంది, మన్ను రాలిపోతుంది, అప్పుడు తింటుంది. మళ్లీ తన్నడం, పీకడం, కొట్టడం. దాని పక్కన ఏడాది లోపు పిల్ల ఒకటి, తొండం ఇంకా దాని మాట వినదు, గడ్డి పీకుతుంది, మోకాలికేసి కొట్టబోతే గడ్డి అంతా చెదిరి కింద పడుతుంది, మళ్లీ తల్లి వైపు చూస్తుంది. ఆ పిల్ల నేర్చుకుంటోందని అర్థమవడానికి మాకు అరగంట పట్టింది. మా పక్కనుంచి ఆ అరగంటలో చాలా బండ్లు వచ్చాయి, ఆగాయి, వెళ్లిపోయాయి. వాళ్లు కూడా ఏనుగుల్నే చూశారు, కానీ ఇది చూడలేదు. రాత్రులు పెంచుకోమని నేను అంత గట్టిగా చెప్పేది దీని కోసమే, రేపు కూడా ఇక్కడే ఉంటాం అన్న నమ్మకం ఉంటేనే ఇవాళ ఒకచోట ఆగడానికి మనసొప్పుతుంది.

దీనికి ఇంకో వైపు ఉంది, అది మన సరదా సంగతి కాదు, జంతువుల ప్రాణాల సంగతి. తొందరలో ఉన్న పర్యాటకుడు డ్రైవర్‌ని తొందరపెడతాడు. దగ్గరికి పోనీ, ఇంకా దగ్గరికి పోనీ, టిప్ ఇస్తాం అంటాడు. డ్రైవర్లు రేడియోలో స్వాహిలిలో మాట్లాడుకుంటూ ఉంటారు, సింబా అంటే సింహం, చుయి అంటే చిరుత, దుమా అంటే చీతా, కిఫారు అంటే ఖడ్గమృగం, ఈ నాలుగు మాటలు నేర్చుకుంటే రేడియోలో ఏం దొరికిందో మీకూ తెలిసిపోతుంది. దుమా అని వినబడిందంటే పది నిమిషాల్లో అన్ని వైపుల నుంచీ బండ్లు. చీతా పగలు వేటాడే జంతువు, సింహాలు, హైనాలు తన వేటని లాక్కోకుండా అవి పడుకున్న వేళ చూసుకుని వేటాడుతుంది. ఆ వేళలోనే మనం తిరుగుతాం. చెదపుట్ట ఎక్కి జింక కోసం చూస్తున్న తల్లి చీతాకీ ఆ జింకకీ మధ్య మన బండి ఆగితే ఆ పూటకి వేట లేదు, పిల్లలకి తిండి లేదు. 2018లో ప్రచురించిన ఒక అధ్యయనంలో మసాయి మారాలోనే లెక్కలు తీశారు. పర్యాటకుల తాకిడి తక్కువున్న చోట్ల ఒక్కో కాన్పులో సగటున 2.3 పిల్లలు పెరిగి పెద్దవైతే, తాకిడి ఎక్కువున్న చోట్ల 0.2 మాత్రమే. అంటే ఐదు కాన్పులకి ఒక్క పిల్ల. నేను ఎక్కడ మాట్లాడినా ఈ అంకె చెప్తాను. మారాలో ఒక జంతువు దగ్గర ఐదు బండ్లకి మించి ఉండకూడదని నియమం ఉంది, రిజర్వ్ లోపల దారి వదిలి గడ్డిలోకి దిగకూడదనీ ఉంది. మీ డ్రైవర్ ఆ నియమం పాటిస్తుంటే తిట్టకండి, ఆ రోజు వచ్చే టిప్ దానికే ఇవ్వండి. బండెక్కగానే మొదటి రోజే చెప్పేయండి, మాకు తొందర లేదు, నియమాలు దాటొద్దు, దూరమైనా పర్వాలేదు అని. ఆయన ముఖంలో టెన్షన్ తగ్గడం మీకే కనబడుతుంది.

నది దాటడం గురించి కూడా ఇదే మాట. విల్డెబీస్ట్‌లు ఒడ్డుకి వస్తాయి, వేలల్లో, మొదటిది నీళ్ల దాకా దిగుతుంది, ఏదో చూసి బెదురుతుంది, గుంపంతా వెనక్కి. మళ్లీ గంటకి ఇంకోచోట. రోజంతా చూసి ఒక్కటీ దాటకుండా వెనక్కి వచ్చేయడం మామూలే. దాటితే మాత్రం ఆ దుమ్ము, ఆ అరుపులు, ఒకదాని మీద ఒకటి దూకడం, కింద మొసళ్లు, మీరు ఎన్ని వీడియోలు చూసినా ఆ చప్పుడుకి సిద్ధంగా ఉండరు. చనిపోయేవి మొసళ్ల వల్లే అనుకుంటారు అందరూ, నిజానికి నీళ్లలో మునిగి, ఒడ్డు ఎక్కలేక తొక్కిసలాటలో పోయేవే చాలా ఎక్కువ, ఏడాదికి సగటున 6,250 దాకా మునిగిపోతాయని పరిశోధకులు లెక్కగట్టారు. ఆ కళేబరాల్ని రాబందులు, కొంగలు, మొసళ్లు, చేపలు తింటాయి, మిగిలిన ఎముకలు ఏళ్ల తరబడి కరుగుతూ నదికి పోషణ ఇస్తాయి. పిల్లల్ని తీసుకెళ్తే ఈ సంగతి ముందే ఇంట్లో కూర్చోబెట్టి చెప్పండి. 2025లో సెరెంగెటి వైపు పర్యాటకులు బండ్లు దిగి ఒడ్డున నిలబడి జంతువుల దారికి అడ్డమైన వీడియో మీలో చాలామంది చూసే ఉంటారు. దయచేసి మన తెలుగువాళ్లెవరూ అలాంటి వీడియోలో కనబడకూడదు.

డబ్బుల సంగతికొస్తాను. మసాయి మారా రిజర్వ్‌లో 2024 నుంచి విదేశీ పెద్దలకి జనవరి నుంచి జూన్ దాకా రోజుకి 100 డాలర్లు, జులై నుంచి డిసెంబర్ దాకా 200 డాలర్లు. ఇది కేవలం లోపల అడుగుపెట్టడానికి, మనిషికి, రోజుకి. 200 డాలర్లంటే 17 వేల రూపాయలు దాటింది. టికెట్ 12 గంటలే, పొద్దున ఆరు నుంచి సాయంత్రం ఆరు. మీ ప్యాకేజీలో ఇది కలిపారా లేదా అన్నది కాగితం మీద రాయించుకోండి, ఎక్కువ గొడవలు వచ్చేది ఇక్కడే. రిజర్వ్ చుట్టూ కన్జర్వెన్సీలు ఉన్నాయి, నబోయిషో, ఒలారే మోటొరోగి, మారా నార్త్ ఇలా. అది మసాయి కుటుంబాల సొంత భూమి, వాళ్లు పశువుల మేతకి హద్దులు పెట్టుకుని భూమిని క్యాంపులకి లీజుకిస్తారు, నెలనెలా వాళ్లకి కౌలు డబ్బు వస్తుంది. అక్కడ ఉండేది ఆ క్యాంపుల్లో దిగినవాళ్లే కాబట్టి బండ్లు తక్కువ, రాత్రి డ్రైవ్ ఉంటుంది, గైడ్‌తో కాలినడకన తిరగొచ్చు. ధర ఎక్కువ, నిజమే. నాలుగు పార్కుల ప్యాకేజీ డబ్బుతో ఒక కన్జర్వెన్సీలో మూడు రాత్రులు వస్తాయేమో లెక్క చూసుకోండి, చాలాసార్లు వస్తాయి. భూమి ఉన్న కుటుంబానికి జంతువు బతికుంటేనే ఆదాయం అన్న ఏర్పాటు నాకు చాలా నచ్చింది, సింహం ఆవుని చంపినప్పుడు ఆ కుటుంబం ఈటె తీయకుండా ఆగడానికి ఒక కారణం ఉండాలి కదా.

మసాయి పల్లెకి తీసుకెళ్తాం అంటారు, వెళ్లండి, మనిషికి ఇంత అని రుసుము ఉంటుంది, ముందే మాట్లాడుకోండి. యువకులు ఎగిరి చేసే ఆడుము నాట్యం చూపిస్తారు, ఇంట్లోకి తీసుకెళ్తారు, పేడ, మట్టి కలిపి ఆడవాళ్లే కట్టిన ఇళ్లు. అడక్కుండా ఫొటో తీయకండి. మన ఊరికి ఎవరో వచ్చి మనింట్లోకి కెమెరా పెడితే మనమెలా ఉంటామో వాళ్లూ అంతే.

రాత్రుల గురించి. చాలా క్యాంపులకి కంచె ఉండదు. టెంట్ అంటే భయపడకండి, మంచం, పరుపు, వేడినీళ్లు, టాయిలెట్ అన్నీ లోపలే ఉంటాయి. చీకటి పడ్డాక మాత్రం ఒంటరిగా గడప దాటకూడదు, భోజనానికి వెళ్లాలన్నా టార్చితో అస్కారి, అంటే కాపలాదారు, వచ్చి తీసుకెళ్తాడు. నది పక్క క్యాంపుల్లో రాత్రి హిప్పోలు గడ్డి తినడానికి మీ టెంటు గోడ దాకా వస్తాయి, ఆ నమిలే చప్పుడు వినబడుతుంది. సింహం గర్జన ఎనిమిది కిలోమీటర్ల దాకా వినబడుతుంది, పక్కనే ఉన్నట్టుంటుంది, లేచి కూర్చుంటారు, మొదటి రాత్రి ఎవరికీ సరిగ్గా నిద్రపట్టదు. జిప్ పూర్తిగా వేసుకోండి, టెంట్లో తినుబండారాలు పెట్టకండి, కోతులు జిప్ తీయడం నేర్చుకున్నాయి.

తిండికి బెంగ అక్కర్లేదు. వంద ఏళ్లకు పైగా గుజరాతీలు, పంజాబీలు అక్కడ స్థిరపడ్డారు, 1896లో మొదలైన రైలు మార్గం వేసింది మన దేశం నుంచి వెళ్లిన కూలీలే, వాళ్లలో సుమారు 2,500 మంది అక్కడే ప్రాణాలొదిలారు. చపాతీ ఇవాళ కెన్యా వాళ్ల సొంత వంట. లాడ్జిల్లో శాకాహారం, పప్పు, అన్నం దొరుకుతాయి, ముందే చెప్తే జైన భోజనం కూడా చేస్తారు. ఉగాలి తప్పకుండా తినండి, తెల్ల మొక్కజొన్న పిండితో చేస్తారు, మన సంకటిలాగే చేత్తో ముద్ద చేసుకుని ఆకుకూరతో తినాలి. ఆవకాయ తీసుకెళ్తాం అంటారా, తీసుకెళ్లండి, కానీ ప్లాస్టిక్ క్యారీ బ్యాగుల్లో చుట్టకండి. కెన్యాలో 2017 నుంచి, టాంజానియాలో 2019 నుంచి అవి నిషేధం, ఎయిర్‌పోర్టులోనే తీసేయిస్తారు. గట్టి మూత ఉన్న స్టీలు డబ్బా, గుడ్డ సంచి.

ఇప్పుడు ఒంటి సంగతి, ఇది రాసుకోండి. యెల్లో ఫీవర్ టీకా. కెన్యా నుంచి తిరిగొచ్చినప్పుడు మన ఎయిర్‌పోర్టులో ఆ టీకా వేయించుకున్నట్టు ఇచ్చే పసుపు కార్డు అడుగుతారు, లేకపోతే ఆరు రోజుల దాకా క్వారంటైన్‌లో పెట్టొచ్చు. ప్రయాణానికి కనీసం పది రోజుల ముందు వేయించుకోవాలి, ప్రభుత్వం గుర్తించిన కేంద్రాల్లోనే వేస్తారు, హైదరాబాద్‌లో నారాయణగూడ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్‌లో ఉంది, ఏ రోజుల్లో వేస్తారో కనుక్కుని వెళ్లండి. ఒకసారి వేయించుకుంటే జీవితాంతం చెల్లుతుంది. అరవై దాటినవాళ్లు, గుడ్డు పడనివాళ్లు డాక్టర్‌తో మాట్లాడాకే. మలేరియా మాత్రలు కూడా డాక్టర్‌నే అడగండి, వెళ్లేముందు మొదలుపెట్టి వచ్చాక కూడా కొన్నాళ్లు వాడాలి, మధ్యలో మానేయకండి. కెన్యాకి వీసా లేదు, 2024 నుంచి ఈటీఏ అనే ప్రయాణ అనుమతి ఆన్‌లైన్‌లో తీసుకోవాలి, టాంజానియాకి వీసా కావాలి.

బట్టలు లేత మట్టిరంగువి. నలుపు, ముదురు నీలం వద్దు, కుట్టే సెట్సీ ఈగలు ఆ రంగులకే వస్తాయి, వాటిని పట్టే ఉచ్చులు కూడా నీలం, నలుపు గుడ్డలతోనే కడతారు, సెరెంగెటిలో చెట్లున్న వైపు, టాంజానియాలోనే ఉన్న తరంగిరే పార్కులో అవి ఎక్కువ, జీన్స్ మీంచి కూడా కుడతాయి. మిలిటరీ డ్రస్సులాంటి మచ్చల బట్టలు అసలు వద్దు, చాలా ఆఫ్రికా దేశాల్లో పోలీసులు ఆపుతారు. ప్లగ్గులు కెన్యాలో చదరపు మూడు పిన్నులవి, అడాప్టర్ కావాలి. ఫోన్ కెమెరా సరిపోదు, కెమెరా కొనలేకపోతే బాధపడకండి, ఒక మంచి బైనాక్యులర్ కొనండి, ఇంట్లో ఒక్కొక్కరికి ఒకటి ఉంటే ఇంకా మంచిది, ఒక్కదాని కోసం కొట్టుకుంటూ ఉంటే చిరుత వెళ్లిపోతుంది. డాలర్ నోట్లు కొత్తవి తీసుకెళ్లండి, పాతకాలపు సిరీస్ నోట్లు, చిరిగినవి ఎవరూ తీసుకోరు.

అక్కడ ఏదో అడుగుతున్నారు, చెప్పండమ్మా. టాయిలెట్లు. మంచి ప్రశ్న, ఆడవాళ్లు అడగడానికి మొహమాటపడి, నీళ్లు తాగడం మానేసి, తలనొప్పితో బాధపడతారు. గేట్ల దగ్గర, పిక్నిక్ చోట్ల, ఎయిర్‌స్ట్రిప్పుల దగ్గర టాయిలెట్లు ఉంటాయి. మధ్యలో అవసరమైతే గైడ్‌తో మొహమాటం లేకుండా చెప్పండి, ఆయన చుట్టూ చూసి, సురక్షితమైన చోట బండి అడ్డంపెట్టి, తను అటు తిరిగి నిలబడతాడు, రోజూ చేసే పనే వాళ్లకి. టిష్యూ కాగితం అక్కడ పడేయకుండా ఒక కవర్లో వేసుకుని తీసుకురండి. నీళ్లు మాత్రం మానకండి.

పెద్దాయన అడుగుతున్నారు, నడుంనొప్పి ఉంది, రావచ్చా అని. రావచ్చండీ. గేటు దాటాక అంతా గతుకుల మట్టిదారే, కుదుపులు తప్పవు, వెనక సీట్లో ఇంకా ఎక్కువ, మీరు డ్రైవర్ వెనక వరసలో కూర్చోండి, నడుముకి బెల్టు పెట్టుకోండి, ఒక పూట వెళ్లి ఒక పూట క్యాంపులో వరండాలో కూర్చోండి. నది పక్క క్యాంపు అయితే అక్కడ కూర్చున్నవాళ్లకి కూడా హిప్పోలు, పక్షులు కనబడుతూనే ఉంటాయి. ఒక్కో చోట ఒక్క రాత్రి ప్యాకేజీలో మాత్రం వెళ్లకండి, ఆ రోడ్డు ప్రయాణమే మీ నడుముని పాడుచేసేది, సఫారీ కాదు.

చివరి ప్రశ్న, బాబు అడుగుతున్నాడు, ఆఫీసులో ఐదు రోజులే సెలవు, అందులో రానూపోనూ పోతే మూడు రోజులు మిగుల్తాయి, వెళ్లడం దండగేనా అని. ఎందుకు దండగ? ముంబై నుంచి నైరోబీకి నేరుగా విమానం ఉంది, ఆరు గంటల ప్రయాణం. నైరోబీలో విల్సన్ అని చిన్న ఎయిర్‌పోర్ట్ ఉంది, అక్కణ్నుంచి చిన్న విమానంలో మారాకి ముప్పావు గంట, రోడ్డు మీద రానూపోనూ పది గంటలు మిగిలినట్టే. సామాను మనిషికి 15 కిలోలే, చక్రాల పెట్టె వద్దు, మెత్తటి బ్యాగ్ తెచ్చుకోండి, కెమెరా బరువు కూడా అందులోనే. దిగగానే మీ క్యాంపు బండి ఎయిర్‌స్ట్రిప్ దగ్గరే ఉంటుంది, అక్కణ్నుంచి క్యాంపుకి వెళ్లే దారే మీ మొదటి సఫారీ. ఒకే క్యాంపు, మూడు రాత్రులు, ఒకే గైడ్. మొదటి రోజు చూసిన సింహాల గుంపు దగ్గరికి రెండో రోజు మళ్లీ వెళ్లమని ఆయన్ని అడగండి.